క్రీట్ మట్టికాగులు కొనాలనుంది – ఇంగ్లండు చలికాలం గట్టెక్కుతాయా?

విభాగం: కుండీలు, మట్టి, ఎరువులు

మల్లెతీగ (రెడింగ్) – అక్టోబర్ 8, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదువుకోవడమే గానీ రాసింది లేదు. ఈమధ్యే ఇల్లు కొన్నాం. వెనక పెరడంతా రాతిపలకలు పరిచేసి ఉంది, మట్టి కనబడేది ఓ మూల బారెడంత. కాబట్టి కుండీలే దిక్కు.

మాకు గంట దూరంలో ఒకాయన గ్రీసు నుంచి, అందులోనూ క్రీట్ దీవి నుంచి, చేత్తో చేసిన మట్టికాగులు తెప్పించి అమ్ముతున్నాడు. చూడగానే అమ్మమ్మగారింట్లో ధాన్యం పోసుకునే కాగులు గుర్తొచ్చాయి. నడుం చుట్టూ తాడు పేనినట్టు పట్టీలు, మెడ దగ్గర చిన్న చిన్న చెవులు. మనసు పారేసుకున్నాను. 60 సెంటీమీటర్ల ఎత్తుది 240 పౌండ్లు చెప్పాడు. మావారు ఆ మాట విన్న దగ్గర్నుంచి మాట్లాడ్డం లేదు.

మూడు కొందామని. ఒకదాంట్లో కరివేపాకు, ఒకదాంట్లో మల్లె, ఒకదాంట్లో నిమ్మ. అమ్మేవాడేమో "మంచుకి చెక్కుచెదరవు" అంటున్నాడు. పక్కింటావిడ మాత్రం పోయిన చలికాలం తన మట్టికుండీలు మూడు పెచ్చులూడిపోయాయని చూపించింది. ఎవర్ని నమ్మాలి? ఇంకోటి, నాకు బాగా నచ్చిన కాగుకి అడుగున చిల్లు లేదు. కన్నం పెట్టుకోవచ్చా?

గోడమీదపిల్లి (హైదరాబాద్) – అక్టోబర్ 8, రాత్రి 9:40

240 పౌండ్లా! కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నారు. మీ ఊళ్ళో ఆ గుదియ పేరు జనవరి.

తూకంరాయి (న్యూజెర్సీ) – అక్టోబర్ 8, రాత్రి 10:25

మల్లెతీగ గారూ, పిల్లి మాటలు పట్టించుకోకండి గానీ ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం ఇది: మట్టికుండీని చంపేది చలి కాదు, తడి. నీరు గడ్డకడితే దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. కుండ గోడలో కంటికి కనబడని రంధ్రాలుంటాయి. అవి నీటితో నిండి ఉన్నప్పుడు గడ్డకడితే ఆ పెరిగిన 9 శాతానికి చోటు లేక గోడని లోపలినుంచి నెడుతుంది. పెచ్చులూడటం అంటే అదే. పూర్తిగా ఆరిన కుండ ఎంత చలిలోనైనా అలాగే కూచుంటుంది.

మా దగ్గర మీకన్నా చలి ఎక్కువ, అయినా నా కుండీలు బతికే ఉన్నాయి. మీ దగ్గర చిక్కేమిటంటే చలికాలమంతా వానే, పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం. ఒక్కసారి గట్టిగా గడ్డకట్టడం కన్నా ఇలా ఇరవై సార్లు గడ్డకట్టి కరగడం కుండకి చేటు.

నేను రెండేళ్ళ కిందట రెండు చిన్న కుండీల్ని తూచాను (పేరు ఊరికే పెట్టుకోలేదు). బాగా ఎండబెట్టి తూచి, ఒక రోజంతా నీళ్ళలో ముంచి, పైన తడి తుడిచి మళ్ళీ తూచాను. బజారులో కొన్న చవకది 1840 గ్రాముల నుంచి 2090కి పెరిగింది, అంటే తన బరువులో దాదాపు 13.6 శాతం నీళ్ళు తాగింది. రెండోది, కాస్త ఖరీదైన చేతిపని, 2110 నుంచి 2270కి, 7.6 శాతం. మొదటిది మరుసటి ఫిబ్రవరికి అంచు దగ్గర పొరలు పొరలుగా లేచింది. రెండోదానికి ఇప్పటిదాకా ఏమీ కాలేదు. అయితే ఈ లెక్క ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. రంధ్రాలు పెద్దవైతే మంచు పెరగడానికి వాటిలోనే కాస్త చోటు దొరుకుతుంది, సన్నవైతే దొరకదు. రెండు కుండలు ఒకే శాతం తాగినా ఒకటి నిలిచి ఇంకోటి పోవచ్చు.

అమ్మే ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి: ఎంత వేడిలో కాల్చారు? తడుముకోకుండా చెబితే కొంత నమ్మకం. "చాలా వేడిలో మేడం" అంటే మీ ఇష్టం.

సారెతిప్పు (కరీంనగర్) – అక్టోబర్ 9, ఉదయం 6:50

అక్కా, మా తాత, మా నాయన సారె మీద బతికినోళ్ళు. నేను ఉద్యోగంల పడ్డ గని కుండ చూస్తే చెయ్యి ఊకుండది. డిగ్రీల లెక్క నాకు తెల్వది గని, ఆవంల సరిగ్గ కాలిందా లేదా చెవితోని చెప్పొచ్చు.

కాగు లోపల ఖాళీ ఉండాలె, కింద గుడ్డనో గడ్డినో ఉండాలె. వేలి గెణుపుతోని నడుం మీద కొట్టు. ఖంగుమని మోగి ఆ మోత కొంచెంసేపు నిలిస్తే మంచిది. డబ్‌మని చచ్చిన చప్పుడు వస్తే ఎక్కడో బీట ఉన్నట్టు, లేకుంటే పచ్చిగ కాలినట్టు. ఒక్కచోట కాదు, నాలుగు దిక్కుల కొట్టి చూడు. తడి కుండ కూడ మోగది, వానల తడిసింది ఉంటే ఇంకో రోజు పో.

ఇగ చేత్తో చేసిందా అచ్చుల పోసిందా అంటే, చెయ్యి లోపల పెట్టి తడుము. చేతిపని అయితే వేళ్ళ గీతలు చుట్లు చుట్లుగ తగులుతయి. అచ్చు కుండకు లోపల నున్నగ ఉంటది, బయట నిలువుగ అతుకు గీత సన్నగ కనబడ్తది, దాన్ని రుద్దేసినా వెలుతురుల పట్టి చూస్తే తెలుస్తది.

ఇంకోటి యాది పెట్టుకో. పైన చిన్న పెచ్చు లేచి, నడిమిట్ల తెల్లటి చుక్క ఉందా చూడు. అది సున్నపురాయి గింజ. మట్టిని సరిగ్గ జల్లెడ పట్టకుంటే అది లోపల్నే ఉండిపోతది. కాలినంక సున్నమైతది, తేమ తగిలి ఉబ్బుతది, పెచ్చును తన్నేస్తది. ఒక్కటి ఉంటే ఏం కాదు. పది ఉంటే ఆ కాగు వద్దు.

మల్లెతీగ – అక్టోబర్ 9, ఉదయం 8:05

తమ్ముడూ, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా సంతోషం. తెల్లచుక్క సంగతి ఎక్కడా వినలేదు. ఈ శనివారం వెళ్ళి నాలుగు దిక్కులా కొట్టి వస్తాను. షాపువాడు ఏమనుకుంటాడో!

బాటసారి (మ్యూనిక్) – అక్టోబర్ 9, సాయంత్రం 7:30

ఏమీ అనుకోడండీ. అక్కడ క్రీట్‌లో కుండలు అమ్మేవాళ్ళే కొట్టి వినిపిస్తారు.

నేను రెండుసార్లు వెళ్ళాను. ఈ పెద్ద కాగుల్ని వాళ్ళు పితారి అంటారు, పాత గ్రీకులో పితోస్. పెద్దవి చేసే ఊరు థ్రాప్సానో, దీవిలోని పెద్ద నగరం హెరాక్లియన్‌కి సుమారు 30 కిలోమీటర్లు. రెథిమ్నో వైపు మార్గరీటెస్ అని ఇంకో కుమ్మరి ఊరుంది. మొదటిసారి క్నోసోస్ రాజభవనం చూసి, మర్నాడే థ్రాప్సానో వెళ్ళాను. అలా వెళితే బుర్ర తిరుగుతుంది. క్నోసోస్‌లో పడమటివైపు 18 పొడుగాటి కొట్టుగదులు, వాటిలో మనిషెత్తు కాగులు. 1878లో మినోస్ కలొకెరినోస్ అనే హెరాక్లియన్ వ్యాపారి మొదట తవ్వి బయటపెట్టింది వీటినే, ఇంగ్లీషు పురావస్తు పండితుడు ఆర్థర్ ఎవాన్స్ తవ్వకాలు మొదలెట్టింది 1900లో. మూడున్నర వేల ఏళ్ళ కిందటి ఆ కాగుల మీద ఉన్న తాడుపట్టీలే మర్నాడు కుమ్మరి చేతికింద పచ్చిమట్టిలో కనబడ్డాయి.

ఆ పట్టీలు కేవలం అందానికి అనుకున్నాను. కాదట. ఇంత పెద్ద కాగు ఒక్క ఊపులో లేవదు. అడుగు చేసి, దాని మీద ఒక వరస మట్టి చుట్టి లేపి, అది కాస్త గట్టిపడ్డాక ఇంకో వరస. అతుకు పడ్డచోట పట్టీ వేస్తే అతుకూ కనబడదు, అక్కడ గట్టిగానూ ఉంటుంది.

పాతరోజుల్లో థ్రాప్సానో వాళ్ళు ఎండాకాలం రాగానే ఆరుగురు జట్టుగా కట్టి ఊళ్ళు తిరిగేవారు. మంచి మట్టి, నీళ్ళు, కట్టెలు దొరికేచోట మకాం. జట్టులో పెద్ద మేస్త్రీ, ఆయన కింద ఇంకో మేస్త్రీ, చక్రం తిప్పేవాడు, మట్టి చూసేవాడు, కొలిమి చూసేవాడు, మోసేవాడు. ఈ వలసకి వాళ్ళ పేరు వెందేమా. ద్రాక్షకోతకి ఇటలీవాళ్ళు వాడే మాట అది, వెనిస్ వాళ్ళు దీవిని ఏలిన రోజుల నుంచి ఉండిపోయింది. నేలలో ఒక కందకం తవ్వి అందులో వరసగా పది పన్నెండు చక్రాలు పాతేవారు. మేస్త్రీ మొదటి చక్రం దగ్గర ఒక వరస లేపి రెండోదానికి, అక్కణ్ణుంచి మూడోదానికి. చివరికి చేరేసరికి మొదటిది ఆరి పైవరసకి సిద్ధం. ఒక్క రోజులో పన్నెండు కాగులు ఒకేసారి పెరుగుతాయన్నమాట.

సారెతిప్పు – అక్టోబర్ 9, రాత్రి 8:15

అన్నా మస్తు చెప్పినవ్. మా దిక్కు వేరే తీరు. సారె మీద మూతి, మెడ, మందంగ కొంత ఒడలు లేపి, కోసి పక్కన పెడ్తరు. కొంచెం ఆరినంక లోపల రాయి పట్టుకొని బయట చెక్కతోని కొట్టుకుంట కొట్టుకుంట పెద్దగ చేస్తరు. అందుకే మన కుండకు అడుగు గుండ్రంగ ఉంటది, కుదురు లేంది నిలవది. వాళ్ళ కాగుకు అడుగు బల్లపరుపు ఎందుకంటే కింది నుంచి కట్టుకుంట పోతరు గదా. ఆ గోడ మందం కూడ అందుకే.

గోడమీదపిల్లి – అక్టోబర్ 9, రాత్రి 8:40

ఈ పితోస్ అంటే గ్రీకు కథలో పండోరా తెరిచిన కష్టాల పెట్టెనే గదా? అసలది పెట్టె కాదు, కాగు అని ఎక్కడో చదివా. 16వ శతాబ్దంలో ఎరాస్మస్ అనే పండితుడు లాటిన్‌లోకి తెచ్చేటప్పుడు పితోస్‌ని పిక్సిస్ చేశాడట. అప్పట్నుంచి లోకమంతా పెట్టె పెట్టె అంటోంది. గ్రీకు తత్వవేత్త డయోజెనీస్ కాపురం పెట్టిందీ పీపాలో కాదు, ఇలాంటి కాగులోనే. మల్లెతీగ గారికి ఇల్లు అమర్చుకునే ముందే చెప్పాల్సింది, 240 పౌండ్లలో అయిపోయేది.

నిర్వాహకుడు – అక్టోబర్ 9, రాత్రి 9:02

పిల్లిగారూ, పురాణాలకి వేరే విభాగం ఉంది. దుకాణాల పేర్లు కూడా ఇక్కడ రాయొద్దని అందరికీ మనవి.

పెరటిరాణి (లీడ్స్) – అక్టోబర్ 10, మధ్యాహ్నం 1:15

మల్లెతీగ గారూ, నేను 15 ఏళ్ళుగా ఇక్కడ కుండీల్లో పెంచుతున్నాను. "మంచుకి తట్టుకుంటుంది" అన్న మాటకి ఇక్కడ రెండు రకాలుంటాయి. ఒకటి, పగలదని పూచీ ఇచ్చేది. ఇంకోటి, కాస్త ఆగుతుంది అని చెప్పి తప్పించుకునేది. పూచీ ఎన్నేళ్ళో కాగితం మీద రాయించుకోండి, రాయకపోతే రెండో రకమే అనుకోండి.

కొన్నాక ముందు ఒక పూటంతా నీళ్ళలో నానబెట్టండి, లేకపోతే పొడి కుండ మొక్కకి పోసిన నీళ్ళన్నీ తనే తాగేస్తుంది. అడుగున రెండంగుళాలు గులకరాళ్ళు వేసి ఆ పైన మట్టి. కుండీ కింద మూడు కాళ్ళు పెట్టి నేల నుంచి లేపండి. చలికాలం కింద పళ్ళెం ఉంచకండి. కొత్త కుండీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది అనుకుంటే పైన మజ్జిగ పూయండి, రెండు నెలల్లో నాచుపట్టి పాతదానిలా అవుతుంది.

తూకంరాయి – అక్టోబర్ 10, సాయంత్రం 4:50

రాణి గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నా, ఆ గులకరాళ్ళ పొర వద్దండీ. సన్నమట్టి కింద గులక ఉంటే నీళ్ళు మట్టిలోంచి గులకలోకి తేలిగ్గా దిగవు. పైమట్టి పూర్తిగా నానిపోయాకే కిందికి జారతాయి. అంటే అడుగున ఉండాల్సిన బురద పొరని మీరు రెండంగుళాలు పైకి, వేళ్ళ దగ్గరికి తెస్తున్నారు.

నమ్మకపోతే వంటింట్లో స్పాంజి తీసుకోండి. తడిపి, పలక పడుకోబెట్టి పట్టుకోండి. చుక్కలు ఆగేదాకా చూడండి. ఇప్పుడు దాన్నే నిలువుగా నిలబెట్టండి. మళ్ళీ నీళ్ళు కారతాయి! స్పాంజి అదే, నీళ్ళు అవే, ఎత్తు మారింది. కుండీలో మట్టి ఎత్తు ఎంత ఎక్కువుంటే అడుగు తడి వేళ్ళకి అంత దూరం. గులక వేసి ఆ ఎత్తు తగ్గించుకోవడం ఎందుకు? చిల్లు మీద ఒక పెంకుముక్క బోర్లించండి చాలు, అదీ మట్టి జారిపోకుండా మాత్రమే.

పెరటిరాణి – అక్టోబర్ 10, రాత్రి 7:20

15 ఏళ్ళుగా ఒక్క మొక్క చావలేదు నాకు. స్పాంజి కాదు కదా అది!

పెరటిరాణి – అక్టోబర్ 10, రాత్రి 8:05

స్పాంజి చేసి చూశాను. కారింది. అయినా ఉన్నవాటిని ఇప్పుడు తవ్వను.

కడియం_చిన్నోడు (కడియపులంక) – అక్టోబర్ 11, ఉదయం 5:45

మాది నర్సరీ అండి. కాగు సంగతి మీరంతా తేల్చుకోండి గానీ మొక్క సంగతి నేను చెప్తాను. కరివేపాకు, మల్లె రెండూ అక్కడి చలికి బయట ఆగవు. చలి పది డిగ్రీల కిందకి దిగేలోపే లోపల పెట్టేయాలి. కాగు, మట్టి, తడి కలిపి వంద కిలోలు దాటతాది. ఎవరు మోస్తారు?

అందుకని మొక్కని ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, ఆ కుండీని కాగులో దింపండి. చలికాలం ఎత్తి లోపలికి తెచ్చుకోండి. ఖాళీ కాగు బోర్లించేయండి, తడి ఉండదు, పగలదు. ఒక్క దెబ్బకి రెండు తీరతాయి. ఇంకో మాట, మూతి సన్నగా, బొజ్జ లావుగా ఉన్న కాగులో నేరుగా మొక్క పెట్టకూడదు. రెండేళ్ళకి వేళ్ళు బొజ్జ నిండా అల్లుకుంటాయి, తీయాలంటే కాగు పగలగొట్టాలి, లేదా మొక్కని కొయ్యాలి.

తూకంరాయి – అక్టోబర్ 11, ఉదయం 7:10

చిన్నోడు గారు బంగారం లాంటి మాట చెప్పారు. పగలడానికి కూడా అదే లెక్క. మూతి విశాలంగా కిందికి సన్నబడే కుండీలో మట్టి గడ్డకట్టి ఉబ్బితే పైకి జరుగుతుంది. బొజ్జ కాగులో ఎటూ పోలేదు, గోడనే నెడుతుంది. అలాంటిదాన్ని ఖాళీగా ఉంచడమే మేలు. తప్పక మట్టి నింపాలంటే, మట్టి పోసేముందు లోపలి గోడ చుట్టూ బుడగల ప్లాస్టిక్ పరవండి, అడుగున మాత్రం వద్దు. ఉబ్బిన మట్టికి ఆ బుడగలే మెత్త.

బాటసారి – అక్టోబర్ 11, సాయంత్రం 6:30

ఒక సంగతి మర్చిపోయాను. "క్రీట్‌లో చేశారు కాబట్టి మంచుకి ఆగుతుంది" అన్నమాటకి అర్థం లేదు. ఆ దీవిలో కొండల మీద తప్ప ఊళ్ళలో మంచు గడ్డకట్టడం అరుదు. అక్కడి కాగుకి నూనె కారకపోతే చాలు, మంచు సంగతి దానికి తెలియదు. ఆగితే అది మట్టిని, కాల్పుని బట్టి, ఊరిని బట్టి కాదు. ఇప్పుడు చలిదేశాలకి పంపేవాళ్ళు వేరే కాలుస్తారు, ఊళ్ళో సంతకి చేసేవాళ్ళు వేరే. రెండూ క్రీట్‌వే.

ఇంకా చెప్పాలంటే గ్రీకులు మొక్కలకి వాడిన కుండీలు ఈ కాగులు కావు. ఏథెన్స్ పాత సంతమైదానం అగోరాలో, హెఫైస్టోస్ అనే దేవుడి గుడి చుట్టూ 1930ల్లో తవ్వితే స్తంభాల వరసకి సరిగ్గా ఎదురుగా నేలలో గుంతలు, గుంతల్లో అడుగు చిల్లున్న మామూలు చిన్న కుండీలు దొరికాయి. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దం నాటివి. నాటేటప్పుడే కుండీని పగలగొట్టి పెంకులతో సహా గుంతలో దించారని తవ్వినావిడ డొరతీ బర్ థాంప్సన్ తేల్చింది. కొమ్మని చెట్టు మీదే కుండీలో వేళ్ళు దిగనిచ్చి, తర్వాత కోసి తెచ్చారని ఆవిడ ఊహ.

కడియం_చిన్నోడు – అక్టోబర్ 11, రాత్రి 9:00

అది గాలి అంటు కట్టడమే కదండీ! మా నాన్న ఇప్పటికీ కడతాడు, కుండీ బదులు ప్లాస్టిక్ కవరు. ఆయనకి చదివి వినిపించాను. "చిల్లు కుండీలో అయితే తడి ఆరిపోదేంట్రా" అన్నాడు.

మల్లెతీగ – అక్టోబర్ 14, రాత్రి 10:10

వెళ్ళొచ్చాను! చెప్పినట్టే అన్నింటినీ వేలితో కొట్టాను. ఒకటి గంటలా మోగింది. రెండోది కూడా. మూడోది, సరిగ్గా నేను ముచ్చటపడ్డదే, డబ్‌మంది. తిరగేసి చూస్తే అడుగు అంచు దగ్గర వెంట్రుకంత బీట. షాపాయన నిజంగా ఆశ్చర్యపోయాడో నటించాడో తెలీదు. ఎంత వేడిలో కాల్చారంటే ఫోన్ చేసి కనుక్కున్నాడు, వెయ్యి దాటి అన్నాడు. పూచీ మూడేళ్ళు, కాగితం మీద రాయించాను.

చివరికి ఆ బీట కాగు వదిలేసి, మూతి వెడల్పుగా ఉన్నవి రెండు, చిల్లు లేనిదే ఇంకో బొజ్జ కాగు ఒకటి కొన్నాను. చిల్లు లేనందుకు దాని ధర తగ్గించాడు. కరివేపాకు, మల్లె ప్లాస్టిక్ కుండీల్లోనే ఆ రెండింట్లో దింపాను. ఒకదాంట్లో ప్లాస్టిక్ కుండీ లోతుకి జారి మొక్క బావిలో పడ్డట్టు కనబడింది, కింద ఒక పాత ఇటుక పెడితే సరిపోయింది.

నిమ్మ కోసం బొజ్జ కాగుకి కన్నం పెట్టాలి. మావారు డ్రిల్ పట్టుకుని తయారు. (మాట్లాడుతున్నారు ఇప్పుడు.) ఇంకో పక్క నెల్లూరు నుంచి వచ్చిన మా అమ్మ వద్దంటోంది.

తూకంరాయి – అక్టోబర్ 14, రాత్రి 11:00

రాయికి వాడే ముల్లు పెట్టి, సుత్తిలా కొట్టే మీట కచ్చితంగా ఆపి, మొదట 6 మిల్లీమీటర్ల కన్నం. కాగుని ఇసుక మీదో దిండు మీదో బోర్లించి, కన్నం పెట్టేచోట టేపు అంటించి, నీళ్ళు చిలకరిస్తూ మెల్లగా. తర్వాత ఒక్కో సైజు పెంచుకుంటూ వెళ్ళండి. ముల్లుని నొక్కొద్దు, దాని బరువుకి అదే దిగాలి.

సారెతిప్పు – అక్టోబర్ 15, ఉదయం 6:30

అక్కా, అమ్మ ఎందుకు వద్దంటున్నదో అడుగు ముందు.

పెరటిరాణి – నవంబర్ 20, సాయంత్రం 5:00

నా కుండీల మీద తెల్లగా సున్నం కొట్టినట్టు పొర. రెడింగ్‌లో ఇంకా ఎక్కువుంటుంది, మీ నీళ్ళు కరుకు కదా. ఎవరైనా వెనిగర్ వాడారా?

తూకంరాయి – నవంబర్ 20, రాత్రి 8:30

పొడిబ్రష్షుతో రుద్దితే పొడిలా రాలేది లవణం. ఎరువు నుంచీ నీళ్ళ నుంచీ గోడలోంచి చెమరుస్తుంది, కుండకి హాని లేదు. గట్టిగా అంటుకున్నది సున్నపు పెంకు. దానికి వెనిగర్‌లో సమానంగా నీళ్ళు కలిపి, కాసేపు ఉంచి రుద్ది, బాగా కడిగేయాలి. మొక్క ఉండగా వద్దు. లేతరంగు కుండల మట్టిలో సున్నం ఎక్కువుంటుంది కాబట్టి వాటి మీద వెనిగర్ ఎక్కువసేపు ఉంచితే గోడనే తినేస్తుంది. నాకైతే ఆ తెలుపే అందం, ఏమీ చేయను. ఎరువు తగ్గించండి, వాననీళ్ళు పట్టి పోయండి.

గోడమీదపిల్లి – నవంబర్ 21, ఉదయం 9:15

ఇక్కడ మేం ఆ తెలుపు కనబడకుండా జాజు పూసేస్తాం. రోడ్డు పక్కన ఎర్రగా నిగనిగలాడే కుండీ చూసి మోసపోయినవాణ్ణి నేనే. ఒక్క వానకి రంగు నా వరండాలోకి, కుండీ పొడి నా చెప్పుల్లోకి. అప్పట్నుంచి గోటితో గీకి చూడకుండా కొనను.

ఇంతకీ రాణి గారూ, మజ్జిగ పూసిన కుండీ ఏమైంది?

పెరటిరాణి – నవంబర్ 21, మధ్యాహ్నం 12:40

నాచు పట్టింది. నక్క కూడా పట్టింది. మూడు రాత్రులు వచ్చి నాకిపోయింది, మూడోరాత్రి కుండీ దొర్లించింది. బియ్యం కడిగిన నీళ్ళతో సరిపెట్టుకోండి.

మల్లెతీగ – మార్చి 16, రాత్రి 9:30

మధ్యలో రాయలేకపోయాను, క్షమించాలి. చలికాలం దాటింది. కరివేపాకు నవంబర్ మొదట్లోనే లోపలికి తెచ్చేశాను, ఆకు రాల్చింది గానీ మొన్న చిగురు కనబడింది. మల్లె బాగుంది. ఖాళీ కాగుల్ని బోర్లిస్తే పలకల మీద తడిలోనే కూచుంటాయేమోనని చెక్కముక్కల మీద బోర్లించాను. ఒకటి చెక్కుచెదరలేదు. రెండోదానికి మూతి అంచున బొటనవేలంత పెచ్చు లేచింది. ఆ కాగు ఓ వారం పైకప్పు కాలువ కింద ఉండిపోయింది, పైనుంచి ధారగా నీళ్ళు. తప్పు నాదే. పెచ్చు దాచిపెట్టాను, ఆరాక అతికించవచ్చా?

బాటసారి – మార్చి 16, రాత్రి 10:05

అంచు కదా, బరువు పడదు, రెండు పాళ్ళు కలిపే ఎపాక్సీతో అతుకుతుంది. రెండువైపులా పూర్తిగా ఆరాలి, ఎండాకాలం దాకా ఆగండి. బీట కిందికి పాకుతుంటే మాత్రం అంచు కింద తీగ చుట్టి మెలేసి బిగించండి. పాతకాలం గ్రీకులు పగిలిన పితోస్‌లని బీటకి రెండుపక్కలా కన్నాలు పెట్టి సీసం పోసి కుట్టేవారు. మ్యూజియంలో ఆ కుట్లు చూశాను, కాగు కన్నా కుట్టు గట్టిగా ఉంది.

సారెతిప్పు – మార్చి 17, ఉదయం 6:40

చిల్లు లేని కాగు ముచ్చట చెప్పలేదు అక్కా. పగిలిందా?

మల్లెతీగ – మార్చి 17, ఉదయం 8:20

పగల్లేదు తమ్ముడూ. చిల్లూ పడలేదు. నువ్వు అడగమన్నావు కదా, అడిగాను. "ధాన్యం పోసుకునే కాగుకి ఎవరైనా కన్నం పెడతారా" అంది. ఉతుకు గదిలో మూల నిలబెట్టి, నాలుగు రోజులు ఆరనిచ్చి, ఇరవై కిలోల బియ్యం పోసింది, మధ్యమధ్యలో ఎండుమిరపకాయలు. పురుగు పట్టలేదు ఇంతవరకు. నిమ్మమొక్క ఇంకా నర్సరీ డబ్బాలోనే ఉంది.

గోడమీదపిల్లి – మార్చి 17, ఉదయం 8:45

మూత?

మల్లెతీగ – మార్చి 17, ఉదయం 8:50

మూత లేకుండానే అమ్మాడు. పెరటిరాణి గారు కుండీ కింద వద్దన్న పళ్ళెం ఉంది కదా, అదే బోర్లించింది.